ఆపినంక ఎక్కే వేడి

బైకు మీద ఉన్నన్నాళ్లు దానికి గాలి ఫికరు లేకుండె.
మనిషి మోకాళ్ల నడుమ కూసోని
ఎదురొచ్చిన గాలినంతా మింగుకుంట పోయేది.
అక్సిడెంటయిన ఆ బండి ఇంజన్ని
తుక్కు దుకాన్ల తూకానికి కొనుక్కొచ్చి
పైపులు అతికి చేసిన కారుల
సీటు ఎనకాల కట్టేసినం, నేను, చాంద్ పాషా.
నాలుగొందల కిలోలు లేదు కారు.
ఇద్దరం ఓ పక్క పట్టుకుంటే లేస్తది.
చండూరు బజార్ల పోరలు బొమ్మ కారన్నరు.
అననీ.

మొదటి రోజు మునుగోడు దాటలేదు.
సూది ఎర్ర గీత ఎక్కి అక్కడ్నే కూసున్నది.
ఎనకకెల్లి కుక్కరు ఈల,
బెల్లం పాకం మాడినట్టు తీపి వాసన.
మే నెల. తారు చెప్పులకు అంటుతున్నది.

చాంద్ పాషా నలభై ఏండ్లు
లారీల రేడియేటర్లకు మాట్లేసినోడు.
కారు మూతికి పెట్టిన జాలిని వంగి చూసిండు:
"గాలిది బద్ధకంరా.
పక్కకు సందు దొరికితే అటే పోతది గని
జాలిల దూరదు."
పాత కూలరు రేకు కత్తిరించి గాలికి దారి కట్టినం.
సందులల్ల చెప్పుల దుకాణపోళ్ల స్పాంజి కుక్కినం.

రేడియేటరు ముందట, ఇంజను ఎనక.
నడుమ ఎనిమిది అడుగుల రబ్బరు గొట్టాలు
తొడ పక్క నుంచే పోతయి.
ఒకటి కాలుతది, ఒకటి గోరువెచ్చన.
చెయ్యి పెడితే తెలుస్తది పాణం తిరుగుతుందో లేదో.
ఒకనాడు రెండూ సల్లగనే ఉన్నయి,
ఇంజను మాత్రం కొలిమి.
లోపల గాలి బుగ్గ.
కంకర కుప్ప మీదికి మూతి ఎత్తి నిలబెట్టి
మూత తీసి, గొట్టాన్ని బర్రె పొదుగు పిండినట్టు పిండినం.
గుబుక్.
పిడికెడు గాలి. అదే ఇంత ఆగం చేసింది.

ఇగ నీళ్ల సంగతి.
దస్రు బోరు నీళ్ల బకెట్ పట్టుకొస్తే బూతు తిట్టిన.
పోరడు బిత్తరపోయిండు.
వాడు నల్లా నీళ్లు వచ్చినంక పుట్టినోడు.
ఆ బోరు తాగిన మా నాయిన
నలభై ఏండ్లకే మెడ తిప్పాలంటే
మొత్తం మనిషి తిరిగేటోడు.
నా పండ్ల మీది గోధుమ చారలు చూపించిన వానికి.
ఎముకల్నే పట్టింది, ఈ సన్న గొట్టాలను ఇడుస్తదా?

బ్యాంకు ఏటీఎం ఎనక ఏసీ బొట్లు కారుతయి.
కాపలా కాసే ఇమ్మానుయేలు డబ్బా పెట్టి
రాత్రికి రెండు లీటర్లు పట్టిస్తడు.
రుచి లేని, ఊరు లేని నీళ్లు.
అందుల సగానికి సగం పచ్చ కూలెంటు.

ఇప్పుడు ఉరికితే మంచిగనే ఉంటది.
అరవై దాటితే సూది తలొంచుకుంటది.
కష్టమంతా ఆగినకాడనే.
రైలు గేటు. ముందట వడ్ల లారీ.
దాని పొగ కూడా కదుల్తలేదు.
ఎనభై ఎనిమిది. తొంభై. తొంభై మూడు.
ఫ్యాను తిరగాలె.
తిరుగుతలేదు.
తిరిగింది.
అప్పుడు నేను ఊపిరి తీసుకున్న.

ఇంటికొచ్చి తాళం తీస్తే
దిగుతదనుకున్న సూది ఎక్కవట్టె.
"ఆపినం గదనే అన్నా!" అన్నడు దస్రు.
ఆపినంకనేరా.
నీళ్లు తిరుగుడు బందయితది.
ఇనుముల ఉన్న కాక మాత్రం
ఎటు పోవాల్నో తెల్వక అక్కడ్నే మెసులుతది.

మా నాయిన పగలంతా రాళ్లు కొట్టినా ఏమనకపోయేది.
రాత్రి మంచంల నడుం వాల్చినంక
ఎముకలు ఒక్కొక్కటే మాట్లాడేటియి.
అమ్మ తడిగుడ్డతోని విసురుకుంట కూసునేది.

తాళం తీసినంక కూడా నాలుగు నిమిషాలు
ఫ్యాను తిరిగేటట్టు తీగ మార్చిన.
బ్యాటరీ తింటదని చాంద్ పాషా గొణుగుతడు.
తిననీ.
షట్టరు సగం దించి
చీకట్ల ఆ చప్పుడు ఆగేదాకా
స్టూలు మీద కూసుంట.